డొమినికాలో ఓడ ఆగినప్పుడు

ముందే చెప్పేస్తున్నాను, ఇది డొమినికన్ రిపబ్లిక్ గురించి కాదు. అది స్పానిష్ మాట్లాడే పెద్ద దేశం, ఇక్కడికి చాలా దూరం. నేను రాస్తున్నది డొమినికా గురించి. ఫ్రెంచి వాళ్ళ చేతిలో ఉన్న గ్వాడెలూప్, మార్టినిక్ దీవులకి మధ్యలో ఉన్న చిన్న దేశం, 1978 నవంబర్ 3న బ్రిటన్ నుంచి స్వాతంత్ర్యం వచ్చింది. పొడవు 47 కిలోమీటర్లు, వెడల్పు ఎక్కువలో ఎక్కువ 26, జనాభా 70 వేలకి అటూఇటూ. మా ఫ్రెండ్స్ గ్రూపులో డొమినికా వెళ్తున్నానని పెట్టగానే అందరూ బీచ్ ఫొటోలు పంపమన్నారు. తెల్ల ఇసుక బీచ్‌లు ఇక్కడ దాదాపు లేనట్టే, ఉన్నవి చాలావరకు నల్ల ఇసుకవి, అగ్నిపర్వతం రాయి అరిగి వచ్చిన ఇసుక. ఈ దీవిలో చూడాల్సింది వాలు. నీళ్ళ పైన ఎంత నిటారుగా లేస్తుందో నీళ్ళ కింద కూడా అంతే నిటారుగా దిగిపోతుంది. ఇక్కడి వాన, అడవి, తిమింగలాలు, మనుషుల చరిత్ర, తుఫాను కష్టాలు, దేని గురించి అడిగినా తిరిగి తిరిగి ఆ వాలు దగ్గరికే వస్తాం.

మా చదువు గురించి కూడా రెండు ముక్కలు చెప్పాలి. నేను విశాఖ నుంచి వచ్చి అమెరికాలో సముద్ర శాస్త్రం చదువుతున్నాను. ఈ సెమిస్టర్‌లో కొంత భాగం తీరంలో క్లాసులు, మిగతాది తెరచాప ఓడ మీద. ఓడే క్లాసు, ఓడే ల్యాబ్, ఓడే హాస్టల్. విద్యార్థులం మూడు బృందాలుగా విడిపోయి పగలూ రాత్రీ వంతులవారీగా వాచ్ చేస్తాం, అంటే చుక్కాని పట్టుకోవడం, ఓడ ముందు భాగంలో నిలబడి దారి చూడటం, గంటకోసారి ఇంజన్ గదిలోకి దిగి అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసి రావడం, ల్యాబ్‌లో శాంపిల్స్ లెక్కపెట్టడం, వంటగదిలో గిన్నెలు తోమడం. సెయింట్ క్రోయి దీవి నుంచి బయల్దేరి, తూర్పు నుంచి వీచే వ్యాపార పవనాలకి ఎదురెళ్ళలేం కాబట్టి అటు కొంత దూరం ఇటు కొంత దూరం మలుపులు తిప్పుకుంటూ వచ్చాం.

దారిలో పగలోసారి, రాత్రోసారి నెట్ వేసేవాళ్ళం. మీటరు వెడల్పు, అర మీటరు ఎత్తు మూతి ఉన్న సన్నటి వల అది, ఓడ వేగం రెండు నాట్‌లకి, అంటే గంటకి నాలుగు కిలోమీటర్ల లోపుకి తగ్గించి అరగంట సేపు నీటి పైపొరలో లాగుతాం. పైకి తీసి ట్రేలో పోస్తే గోరంత పీతలు, గాజులా మెరిసే చిన్న రొయ్యలు, రంగురంగుల ప్లాస్టిక్ ముక్కలు, హాలోబేట్స్ అనే పొడుగు కాళ్ళ పురుగు కనిపిస్తాయి. పురుగుల జాతి మొత్తంలో నడిసముద్రంలో బతికేవి ఇవే. నా ప్రాజెక్టు మాత్రం సర్గాసమ్ మీద. నీటి మీద తేలే గోధుమరంగు నాచు అది, 2011 నుంచి అట్లాంటిక్ ఉష్ణమండలంలో విపరీతంగా పెరుగుతూ కరీబియన్ తీరాలన్నింటికీ కొట్టుకొస్తోంది. డిసెంబర్‌లో తక్కువ ఉంటుందన్నారు, తక్కువే ఉంది.

శుక్రవారం

తెల్లవారుజామున మూడు నుంచి ఏడు దాకా మా బృందం వాచ్. దీవి ముందు రాడార్‌లో కనబడింది, తర్వాత వాసన వచ్చింది, ఆ తర్వాతే కంటికి ఆనింది. రోజుల తరబడి ఉప్పుగాలి తప్ప ఇంకోటి పీల్చని ముక్కుకి తడిమట్టి, కట్టెల పొగ, కుళ్ళిన ఆకుల వాసన కలిసి ఒక్కసారి తగిలితే ఎలా ఉంటుందో చెప్పలేను, డెక్ మీద ఉన్నవాళ్ళందరం మాటలాపేసి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాం.

వెలుగొచ్చాక చూస్తే దీవి సగం మబ్బులోనే ఉంది. ఉత్తరాన ఉన్న పెద్ద కొండ మోర్న్ డియాబ్లోటిన్ ఎత్తు 1,447 మీటర్లు, ఆ ఎత్తంతా సముద్రం నుంచి నేరుగా లేస్తుంది. తూర్పు గాలి ఈ కొండలకి తగిలి పైకెక్కి చల్లబడి అక్కడే కురుస్తుంది, కొండల నడుమ ఏడాదికి 7,000 మిల్లీమీటర్లు దాటి వాన పడే చోట్లున్నాయి. మా విశాఖలో పడేది వెయ్యి చిల్లర. కొండ చాటుకి రాగానే గాలి పూర్తిగా పడిపోయింది, తెరచాపలు వేలాడిపోయాయి, ఇంజన్ వేయాల్సి వచ్చింది. పుస్తకంలో బొమ్మ గీసి నేర్చుకున్న పాఠం మొహానికి తగిలే గాలి ఆగిపోవడంతో అర్థమవడం నాకు బాగా నచ్చింది.

ప్రిన్స్ రూపర్ట్ బే అనే అఖాతంలో, పోర్ట్స్‌మత్ ఊరి ముందు లంగరేశాం. కస్టమ్స్ పని అయ్యేదాకా పసుపు జెండా ఎగరేసి అందరూ ఓడలోనే ఉండాలి, కెప్టెన్ ఒక్కరే మా పాస్‌పోర్టులన్నీ సంచీలో వేసుకుని ఒడ్డుకెళ్ళారు. నా ఒక్కరిదే ఇండియన్ పాస్‌పోర్టు కాబట్టి కొంచెం టెన్షన్ పడ్డాను గానీ, డొమినికాకి మనవాళ్ళకి ముందుగా వీసా అక్కర్లేదు. స్టాంపు పడి వచ్చింది, జెండా దించేశాం.

పోర్ట్స్‌మత్ చిన్న ఊరు, ఒకటే పెద్ద వీధి, రంగులేసిన చెక్క ఇళ్ళు, మధ్యమధ్యలో పైకప్పు లేకుండా మొక్కలు మొలిచిన గోడలు. దక్షిణం వైపు పికార్డ్‌లో రాస్ యూనివర్సిటీ వైద్య కళాశాల ఉండేది. 1978లో మొదలై నలభై ఏళ్ళపాటు అమెరికా నుంచి విద్యార్థులు అక్కడికొచ్చి చదువుకున్నారు, వాళ్ళలో భారతీయ కుటుంబాల పిల్లలు చాలామంది. 2017లో మరియా తుఫాను వచ్చాక కాలేజీ ఇక్కడ నడవలేదు, ఆ విద్యార్థులు కొన్నాళ్ళు సెయింట్ కిట్స్ దీవి దగ్గర నిలిపిన ఓడలో క్లాసులు విన్నారు, చివరికి కాలేజీ బార్బడోస్‌కి వెళ్ళిపోయింది. మేం ఇష్టపడి ఓడ మీద చదువుకుంటున్నాం, వాళ్ళు గత్యంతరం లేక చదివారు. మమ్మల్ని ఒడ్డుకి చేర్చిన పడవాయన, ఒకప్పుడు ఈ వీధిలో సాయంత్రం నడవడానికి చోటుండేది కాదని, అద్దెకిచ్చిన గదులన్నీ ఖాళీ అయ్యాక తన అక్క కూడా ఊరొదిలి గ్వాడెలూప్ వెళ్ళిపోయిందని చెప్పాడు.

సాయంత్రం క్యాబ్రిట్స్ కొండ మీద ఫోర్ట్ షర్లీకి నడిచాం. బ్రిటిష్ వాళ్ళు కట్టిన కోట, ఇప్పుడు బాగుచేసి పెట్టారు. 1802 ఏప్రిల్‌లో ఇక్కడ 8వ వెస్టిండియా రెజిమెంటు తిరగబడింది. ఆ సైనికులు ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళు, తుపాకులిచ్చి సైన్యంలో పెట్టుకున్నారు. రెజిమెంటు రద్దు చేసి తమని తోటల్లో పనికి అమ్మేస్తారేమోనన్న అనుమానంతో వాళ్ళు కోటని పట్టుకుని మూడు రోజులు నిలబడ్డారు. అణచివేశారు, చాలామందిని చంపేశారు. కానీ ఆ దెబ్బ ఊరికే పోలేదు, 1807లో బ్రిటిష్ సైన్యంలోని బానిస సైనికులందరినీ స్వతంత్రులుగా ప్రకటించారు. బ్రిటన్ తన సామ్రాజ్యంలో బానిసత్వం రద్దుకి చట్టం చేసింది 1833లో, ఇది దానికి పాతికేళ్ళ పైనే ముందు. మా బడిలో కరీబియన్ అంటే క్రికెట్ అనే తెలుసు, ఇలాంటిది ఒక్క పేరా కూడా చదవలేదు. చదవాల్సింది.

రాత్రి లంగరు కాపలా. ఒడ్డున ఉన్న రెండు మూడు దీపాల దిక్కు దిక్సూచితో గంటకోసారి కొలిచి రాసుకోవాలి, అంకెలు మారుతున్నాయంటే లంగరు జారుతోందని అర్థం. మారలేదు.

శనివారం

పొద్దున్నే మినీ బస్సులో రాజధాని రోజోకి. ఇక్కడి బస్సుల నంబరు ప్లేటు హెచ్ అక్షరంతో మొదలవుతుంది, నిండాకే కదుల్తుంది. ఎక్కే ప్రతివాళ్ళూ బస్సులో అందరికీ కలిపి గుడ్ మార్నింగ్ చెప్తారు, లోపలున్నవాళ్ళంతా తిరిగి చెప్తారు. కొట్లో అయినా అంతే, ముందు పలకరింపు, తర్వాతే బేరం. దారి పొడవునా ఒకవైపు సముద్రం, ఇంకోవైపు కొండ, రోడ్డు పట్టేంత చోటే ఉంటుంది. నది దాటామనుకునేలోపు ఇంకో నది వస్తుంది. ఏడాదికెన్ని రోజులో తమకన్ని నదులని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు, ఆ బస్సు ప్రయాణం తర్వాత నేను నమ్మడానికి సిద్ధంగా ఉన్నాను.

రోజోలో శనివారం సంత నది సముద్రంలో కలిసే చోట జరుగుతుంది. చేమదుంపలు, పెండలం, పచ్చి అరటి, బ్రెడ్‌ఫ్రూట్, బే ఆకు కట్టలు, కొబ్బరి బోండాలు, జాజికాయలు. కొండవాలు మీద పెద్ద పెద్ద చెరకు తోటలు వేయడం కుదరలేదు కాబట్టి ఇక్కడ చిన్న రైతులే ఎక్కువగా మిగిలారని మా ప్రొఫెసర్ ముందురోజు చెప్పారు, సంతలో అమ్మేవాళ్ళలో చాలామంది తాము పండించిందే అమ్ముతున్నారు.

ఒక పెద్దావిడ ముందు ముదురు ఎరుపు రేకలు కుప్పగా పోసి ఉన్నాయి. చూడగానే కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. వాళ్ళు సోరెల్ అంటారు, క్రిస్మస్ ముందు ఆ రేకల్ని అల్లం, దాల్చినచెక్క, లవంగాలు వేసి మరిగించి, చక్కెర కలిపి చల్లగా తాగుతారు. అది గోంగూర. నిజంగా మన ఎర్ర గోంగూర జాతి మొక్కే, హైబిస్కస్ సబ్దరిఫా, ఆఫ్రికా నుంచి అటు ఇక్కడికీ ఇటు మనవైపూ చేరింది. మేం దీని ఆకు తింటామని చెప్తే ఆవిడ నమ్మలేదు. ఆకు ఏం చేస్తారని అడిగింది. పప్పులో వేస్తామని, ఎండుమిర్చితో వేయించి నూరి పచ్చడి చేస్తామని, వేడన్నంలో ఉల్లిపాయ నంజుకుని తింటామని నాకు తెలిసిన ఇంగ్లిష్‌లో కష్టపడి చెప్పాను. పక్క బల్ల దగ్గరున్న కూతురిని పిలిచి, ఫ్రెంచి నుంచి పుట్టిన ఇక్కడి భాష క్రియోల్‌లో ఏదో చెప్పి, నన్ను మళ్ళీ మొదట్నుంచి చెప్పమంది. ఒక సీసా సోరెల్ నా చేతిలో పెట్టి సగం డబ్బులే తీసుకుంది. ఇక్కడి డబ్బు తూర్పు కరీబియన్ డాలర్, ఒక అమెరికా డాలర్‌కి 2.70, 1976 నుంచి అదే రేటు. ఆ సోరెల్ పుల్లగా, ఘాటుగా, నాలుక చివర అచ్చం గోంగూర పులుపుతో ఉంది. ఇంటి మీద బెంగ ఓడ మీద రాలేదు, అక్కడ వచ్చింది.

ఇండియా అని తెలియగానే అందరూ క్రికెట్టే ఎత్తారు. 2023 జులైలో ఇక్కడి విండ్సర్ పార్క్ మైదానంలో భారత్ టెస్టు ఆడింది, జైస్వాల్ మొదటి టెస్టులోనే 171 కొట్టాడు, అశ్విన్ 12 వికెట్లు తీశాడు, మూడో రోజే అయిపోయింది. కొబ్బరి బోండాలు కొట్టే అబ్బాయికి మాత్రం మన హైదరాబాద్ సిరాజ్ ఒంటిచేత్తో పట్టిన క్యాచే గుర్తుంది, కత్తి పక్కన పెట్టి మరీ పడి చూపించాడు.

బొటానికల్ గార్డెన్‌లో ఒక బావోబాబ్ చెట్టు కింద నలిగిపోయిన పసుపు స్కూల్ బస్సు ఉంది. 1979 ఆగస్టు 29న డేవిడ్ తుఫానులో చెట్టు దాని మీద పడింది, అదృష్టం కొద్దీ బస్సులో ఎవరూ లేరు. తీసేయకుండా అలాగే ఉంచారు. చెట్టు కూడా పడిన చోటే మళ్ళీ చిగురేసి పెరుగుతోంది.

మధ్యాహ్నం తిమింగలాల పడవ. నేను ఈ మొత్తం ప్రయాణంలో దీనికోసమే ఎక్కువ ఎదురుచూశాను. సాధారణంగా స్పెర్మ్ వేల్ తిమింగలాలు కావాలంటే తీరం వదిలి చాలా దూరం పోవాలి, ఎందుకంటే అవి వెయ్యి మీటర్ల లోతుకి దిగి స్క్విడ్‌లు వేటాడతాయి, అంత లోతు ఒడ్డు దగ్గర ఎక్కడుంటుంది? ఇక్కడుంటుంది. పొద్దున బస్సులోంచి చూసిన కొండే నీటి కింద కూడా అదే వాలున దిగిపోతుంది, ఒడ్డు నుంచి కొద్ది కిలోమీటర్లు పోతే చాలు. పైగా దీవి గాలిని ఆపేస్తుంది కాబట్టి పడమర వైపు నీళ్ళు ప్రశాంతంగా ఉంటాయి. అందుకే ఆడ తిమింగలాల కుటుంబాలు, అమ్మమ్మ, తల్లి, పిల్లలు అన్నీ కలిసి, తరతరాలుగా ఇక్కడే తిరుగుతుంటాయి. 2005 నుంచి పరిశోధకులు ఒక్కోదాన్ని తోక అంచులు చూసి గుర్తుపట్టి పేర్లు పెట్టి లెక్క రాస్తున్నారు. 2023లో ప్రభుత్వం పడమటి తీరంలో దాదాపు 800 చదరపు కిలోమీటర్ల సముద్రాన్ని వీటికోసం రిజర్వుగా ప్రకటించింది.

పడవాయన ఇంజన్ ఆపి, పొడుగు కర్ర చివర గిన్నెలాంటి దాంట్లో బిగించిన మైకుని నీళ్ళలోకి దించాడు. దాన్ని నెమ్మదిగా చుట్టూ తిప్పుతూ వింటాడు, శబ్దం ఎటు గట్టిగా వినబడితే అటు పడవ పోతుంది. ఇయర్‌ఫోన్ నాకు అందించాడు. ముందు అలల గరగర, పడవ అడుగున నీళ్ళ చప్పుడు. తర్వాత దూరంగా టక్, టక్, టక్, సెకనుకి ఒకటో రెండో, ఆగకుండా. అది తిమింగలం చీకట్లో శబ్దం పంపి ప్రతిధ్వనితో తిండి వెతుక్కోవడం. ఒక్కోసారి ఆ టక్కులు దగ్గర పడి గిర్రుమని కలిసిపోయి ఆగిపోతాయి, ఏదో దొరికిందన్నమాట. ముప్పావు గంట తర్వాత పైకొచ్చింది. ముందుకీ ఎడమకీ వంగిన చిన్న నీటి చిమ్ము, ముడతలు పడ్డ వీపు, ఇంకేం లేదు, కాసేపు అలా తేలుతూ ఊపిరి తీసుకుంటూ ఉంది. ఇంకోటి దాని పక్కకి వచ్చినప్పుడు మైకులో వేరే శబ్దం వినిపించింది, టక్, కొంచెం ఆగి టక్, మళ్ళీ ఆగి వెంటవెంటనే టక్‌టక్‌టక్. తూర్పు కరీబియన్ తిమింగలాల వంశమంతా వాడే గుర్తు అది, పిల్లలు పెద్దవాటి దగ్గర విని నేర్చుకుంటాయి. దీని గురించి వ్యాసం చదివాను, రికార్డింగులు విన్నాను, అయినా కిందున్న జంతువు అప్పుడే చేస్తున్న శబ్దం చెవిలో పడగానే ఒళ్ళు జలదరించింది. ఆ తర్వాత తోక నిలువుగా లేపి మునిగిపోయింది. పడవలో ఎవరం చాలాసేపు మాట్లాడలేదు.

ఆదివారం

ఊరంతా చర్చికి వెళ్తుంటే మేం బాయిలింగ్ లేక్‌కి. లౌదా అనే కొండ ఊరు నుంచి నడక మొదలు, పోనూ రానూ ఆరు గంటల పైనే పడుతుంది. మోర్న్ త్రువా పితోన్ జాతీయ వనంలో ఉంది ఇది, 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దారంతా బురద, వేర్లు, చెక్క మెట్లు, ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. బ్రేక్‌ఫాస్ట్ రివర్ అనే వాగు దగ్గర నీళ్ళు పట్టుకుని మోర్న్ నికల్స్ ఎక్కాం, వాన వస్తూనే ఉంది, అక్కడ నిలబడితే రెండు వైపులా వాలు కనబడుతుంది గానీ మబ్బు మధ్యలో దూరి దూరి పోతోంది.

మా గైడ్ యాభై ఏళ్ళ మనిషి, పుట్టింది పెరిగింది లౌదాలోనే. దారిలో పెద్ద చెట్లన్నీ నడిమికి విరిగి మోళ్ళుగా ఉండి పక్కలనుంచి కొత్త కొమ్మలు వేసి ఉన్నాయి. అడిగితే మరియా అన్నాడు. 2017 సెప్టెంబర్ 18 రాత్రి, ఐదో కేటగిరీ, గంటకి 260 కిలోమీటర్ల పైన గాలి. ఇంటి కప్పు ఎగిరిపోతే భార్యాపిల్లలతో స్నానాలగదిలో తలుపుకి వీపు ఆనించి తెల్లారేదాకా కూర్చున్నారట. "పొద్దున బయటికొస్తే కొండ మీద ఒక్క ఆకు లేదు. చిన్నప్పట్నుంచి చూడని ఊళ్ళు మా గుమ్మంలోంచి కనబడ్డాయి. పక్షి కూత లేదు. అదే ఎక్కువ భయమేసింది" అన్నాడు. దేశంలో ఇళ్ళ కప్పుల్లో పదింట తొమ్మిది దెబ్బతిన్నాయి, చనిపోయినవాళ్ళు, ఆచూకీ దొరకనివాళ్ళు కలిపి 60 మందికి పైనే, నష్టం దేశపు ఏడాది ఆదాయానికి రెండింతలు దాటింది. ఇదే వాలు గాలినీ వాననీ పట్టుకుని మట్టితో సహా ఊళ్ళ మీదికి దించింది. అంతకు రెండేళ్ళ ముందు 2015లో ఎరికా తుఫాను వానకి కొండచరియలు విరిగిపడి పెటిట్ సవాన్ అనే ఊరినే ఖాళీ చేయాల్సి వచ్చింది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ మీద పడ్డప్పుడు నేను నాలుగో తరగతి. మర్నాడు కైలాసగిరి మీద పచ్చదనం లేకపోవడం, రోజుల తరబడి కరెంటు లేకపోవడం, నీళ్ళ కోసం నాన్నతో బకెట్లు పట్టుకుని నిలబడటం గుర్తుంది. అది చెప్తే గైడ్ ఆగి, మీకు చెట్లు తిరిగి రావడానికి ఎన్నేళ్ళు పట్టిందని అడిగాడు. మిగతావాళ్ళు ఎంతమంది చనిపోయారని అడుగుతారు, ఎంత నష్టమని అడుగుతారు. ఈయన చెట్ల గురించి అడిగాడు. ఆ తర్వాత మేమిద్దరం దారి పొడవునా అదే మాట్లాడుకున్నాం, ఏ చెట్టు ముందు చిగురేసింది, ఏ పక్షి ముందు వచ్చింది. జెండా మీదున్న సిసరూ చిలక ప్రపంచంలో ఈ దీవిలో తప్ప ఎక్కడా లేదు, తుఫాను తర్వాత చాలా అరుదైపోయింది, ఆయనకి మొన్నామధ్య ఒకటి కనబడిందని సంబరంగా చెప్పాడు.

వ్యాలీ ఆఫ్ డిసొలేషన్‌లోకి దిగగానే అడవి ఆగిపోతుంది. గంధకం కంపు, పసుపు, తుప్పు రంగు, తెలుపు రాళ్ళు, వాటి మధ్య బూడిద రంగు వాగొకటి, పాల రంగుదొకటి, నల్లదొకటి. నేల బుసకొడుతూ ఉంటుంది, గైడ్ అడుగేసిన చోటే అడుగేయాలి. ఆవిరి రంధ్రంలో గుడ్లు ఉడకబెట్టి ఇచ్చాడు, ఉప్పు కాగితంలో కట్టి తెచ్చాడు. అక్కడికి ఇంకొంచెం పైకి సరస్సు. అరవై మీటర్ల వెడల్పున్న గుంట, బూడిద నీలం నీళ్ళు, నడిమధ్యలో తెర్లుతూనే ఉన్నాయి, గాలి ఆవిరిని పక్కకి తోసినప్పుడు కనబడుతుంది, మళ్ళీ మూసుకుపోతుంది. అంచు దగ్గరే నీళ్ళు 80 డిగ్రీల పైన ఉంటాయి. పైన పడ్డ వాన కొండలోకి ఇంకి, కింద అగ్నిపర్వతపు వేడికి కాగి ఇలా పైకొస్తుంది. ఈ వేడితో కరెంటు తీయడానికి, మేం వెళ్ళినప్పుడు లౌదా దగ్గరే ప్లాంటు కడుతూ ఉన్నారు. దేశానికి డీజిల్ ఖర్చు తగ్గుతుంది, ఎంతో అవసరమైన పని.

తిరిగొచ్చి టిటూ గార్జ్ అనే ఇరుకు కొండ సందులో చల్లటి నీళ్ళలో పడ్డాం. మోకాళ్ళ గురించి మాట్లాడను.

సోమవారం

తూర్పు తీరంలో కలినాగో ప్రాంతానికి వ్యాన్‌లో. కొలంబస్ 1493లో ఈ దీవిని దాటి వెళ్ళేనాటికి ఇక్కడున్న ప్రజలు కలినాగోలు. చుట్టుపక్కల దీవుల్లో వాళ్ళని దాదాపు తుడిచిపెట్టేశారు. ఇక్కడ మిగిలారు, కొండలూ తూర్పు తీరపు రాళ్ళూ బయటివాళ్ళని చాలాకాలం దూరంగా ఉంచాయి. తోటల నుంచి పారిపోయిన ఆఫ్రికన్ బానిసలకి కూడా ఆ కొండలే ఆశ్రయం. 1903లో బ్రిటిష్ ప్రభుత్వం 3,700 ఎకరాలు కలినాగోలకి కేటాయించింది. ఆ భూమి అందరిదీ, ఎవరూ అమ్ముకోలేరు, ఇల్లు కట్టుకుని పంట వేసుకోవచ్చు. సుమారు మూడు వేలమంది ఉంటారు, తమ నాయకుణ్ణి తామే ఎన్నుకుంటారు. 2023లో దేశాధ్యక్షురాలైన సిల్వానీ బర్టన్ కలినాగో మహిళ, ఆ పదవిలో మొదటి కలినాగో, మొదటి మహిళ కూడా.

రోడ్డు పక్క రేకుల పాకలో కర్రపెండలం రొట్టె చేస్తున్నారు. మా సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం తీసే దుంపే, కాకపోతే ఇక్కడ వాడేది చేదు రకం, పచ్చిది తింటే విషం. తురిమి, బాగా పిండి ఆ పాలు తీసేసి, జల్లించి, కొబ్బరి తురుము కలిపి, కట్టెల పొయ్యి మీద వెడల్పాటి ఇనప రేకు మీద పరిచి కాలుస్తారు. ఒక నడివయసావిడ కొబ్బరి చిప్పతో పొడిని గుండ్రంగా సర్దుతోంది. నీళ్ళు కలపలేదు, నూనె లేదు, ఆ తడి పొడే వేడికి తనంతట అదే అతుక్కుంటోంది. అంచు పైకి లేవగానే చేత్తోనే తిరగేసింది. ఇంటికొకరైనా ఈ పని తెలిసినవాళ్ళు ఉండేవారట, ఇప్పుడు తక్కువ. వేడిగా తింటే పైన కరకర, లోపల మెత్తగా, కొంచెం తియ్యగా. రెండోది అడిగి కొనుక్కున్నాను.

పక్కనే ఒక తాత బుట్ట అల్లుతున్నాడు. లరూమా అనే రెల్లులాంటి మొక్క కాడ. పైచర్మం గీరేస్తే లేత రంగు, గీరకుండా ఎండబెడితే గోధుమ రంగు, నల్లరంగు కావాలంటే బురదలో నానబెట్టాలి, ఈ మూడింటితోనే డిజైన్లన్నీ. పెద్ద బుట్టలు రెండు పొరలుగా అల్లి మధ్యలో ఆకులు పెడతారు, వాన నీళ్ళు లోపలికి దిగవు. చెయ్యి ఆపకుండానే, మరియా తర్వాత రెండేళ్ళు లరూమా సరిగ్గా దొరకలేదని చెప్పాడు.

అక్కడ తీరం మీద నా పని కూడా ఉంది. రాళ్ళ మధ్య చిన్న ఒడ్డున సర్గాసమ్ కొట్టుకొచ్చి ఎండిపోయి ఉంది, మీటరు చట్రం పెట్టి తీసి తూకం వేసుకున్నాను. పడమర తీరంలో నాకు దొరికినవి నాలుగు పోగులే, ఇక్కడ అంతకు ఎన్నో రెట్లు. అట్లాంటిక్ నుంచి వచ్చేదంతా ముందు వీళ్ళ గుమ్మంలోనే పడుతుంది. వేసవిలో అయితే పడవలు దించడానికి దారి లేకుండా పేరుకుంటుందని, కుళ్ళితే వచ్చే వాయువుకి కళ్ళు మండుతాయని, ఇంట్లో వెండి వస్తువులు నల్లబడతాయని అక్కడి జాలరి చెప్పాడు. ఆ వాయువు హైడ్రోజన్ సల్ఫైడ్. గ్రాఫులో గీతగా చూసినదానికి ఇలాంటి ఇంటి లెక్క ఒకటి ఉంటుందని ఎవరో ఒకరు చెప్పాలి, చెప్పాడు. ఆయన మాటలు ఆయన అనుమతితో రిపోర్టులో రాసుకున్నాను.

మంగళవారం

తెల్లారేసరికి లంగరెత్తాం. కొండ చాటు దాటాక గాలి తిరిగి పట్టుకుంది. దీవి ఇంకా పెద్దగా కనబడుతుండగానే లోతు వెయ్యి మీటర్లు దాటింది, అక్కడ ఓడ నిలిపి ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలిచే పరికరాన్ని వైరు మీద దించాం. పైన 28 డిగ్రీలు, కింద ఐదు డిగ్రీల చిల్లర. శనివారం విన్న టక్కులు ఆ చలిలోంచే వచ్చాయి.

వెళ్ళాలనుకునేవాళ్ళకి: తిమింగలాలకి నవంబర్ నుంచి మార్చి దాకా బావుంటుంది. ఆదివారం కొట్లు మూసేస్తారు, తిండి ముందే కొనిపెట్టుకోండి. పట్టున్న బూట్లు తప్పనిసరి, గొడుగు అక్కర్లేదు, ఎలాగూ తడుస్తారు. క్రిస్మస్ ముందు వెళ్తే సంతలో సోరెల్ తాగండి. బాయిలింగ్ లేక్‌కి మాత్రం గైడ్ లేకుండా పోవద్దు, ఆ లోయలో ఏ రాయి కింద ఏముందో వాళ్ళకే తెలుసు.